త్రోవకు పోవు నేల

ఊరికి త్రోవ కావలెనని యందఱును కోరుదురు. ఆ త్రోవ తమ చేని నడుమనుండి పోవలెనని కోరువాడొక్కడును కానరాడు. దీనిని స్వార్థమని తేలికగా తీసివేయుట తగదు. తాతలనాటి చేను ఒక యింటికి అన్నము, ఆ యింటి పరువు, ముసలితనమునకు ధైర్యము. రైలుబండి నూఱు గ్రామములకు మేలు చేయవచ్చును. కాని ఆ మేలునకు తమ నేల నిచ్చువారు నూఱు గ్రామములవారును కారు, కట్టకు అడ్డువచ్చిన కొలదిమంది రైతులు మాత్రమే. అందఱి మేలునకై కొందఱి సొత్తును, వారి సమ్మతి లేకున్నను, వెల యిచ్చి తీసికొను నధికారము లేనిచో ఏ మార్గమును పూర్తికాదు. ఒక్కడు మొండికెత్తినచో పదికోసుల త్రోవ నిలిచిపోవును. కావున ఆ యధికారము ఉండవలెనా, కూడదా యని మేము వాదింపబూనలేదు. అది యెట్లు నడచినచో న్యాయమగును, ఎట్లు నడచినచో దౌర్జన్యమగును అనునదే మా విచారము.

భూమి పోవుననువార్త వచ్చినప్పుడు మన యిండ్ల యరుగులమీద రెండే మాటలు వినవచ్చుచుండును. ఒకటి, "సర్కారు తలచుకొంటే ఆపేవాడెవడు?" అనునది. రెండవది, "ఎకరానికెంత యిస్తారట?" అనునది. మొదటిది నిరాశ, రెండవది బేరము. ఈ రెంటికి నడుమ అడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు: "మన మాట వినువాడెవడు? విని తేల్చువాడెవడు?" ఈ ప్రశ్నను దేశమంతటికిని నేర్పినది మన కృష్ణాజిల్లాయే యని చెప్పినచో చదువరులలో పలువురకు వింతగా తోచవచ్చును. ఆ కథకు ముందు, ఇప్పుడీ సంగతి మాకేల ముఖ్యమైనదో చెప్పవలసియున్నది.

పూర్వపు కృష్ణాజిల్లాలో కాలువనీరు పాఱు డెల్టా యొక యెత్తు, మెట్టభాగ మింకొక యెత్తు. పాలేటి యొడ్డున జగ్గయ్యపేట, మున్నేటికి చేరువగా నందిగామ ఈ మెట్టకు రెండు ముఖ్యపట్టణములు. 2022 ఏప్రిలులో ఈ భాగము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. నల్లరేగడి, ప్రత్తి, మిరప – ఇదియే యిక్కడి బ్రతుకు. 1889లో నైజామువారి రైలుమార్గము బెజవాడకు చేరినప్పుడు అది మధిర, ఎఱ్ఱుపాలెము, కొండపల్లి మీదుగా పోయినది గాని నందిగామకు రాలేదు. పిమ్మట మోటుమఱ్ఱి వద్ద చీలి జగ్గయ్యపేటవైపు ఒక శాఖ వచ్చినది. కాని దానివలన సరకులకు జరిగిన మేలు మనుష్యులకు జరుగలేదు. మనుష్యులకు దిక్కు హైదరాబాదు–విజయవాడ రహదారియే. ఆ దారివెంట ఈ రెండు పట్టణములకు నడుమ మేము పలుమారు తిరుగుచుందుము. రైలును గూర్చిన కోరిక వినని ప్రయాణ మొక్కటియు లేదు.

ఇట్టి ప్రదేశమునకు 2024 అక్టోబరు 24వ తేదీని కేంద్ర మంత్రివర్గ మొక క్రొత్త మార్గమును మంజూరు చేసినది. ఎఱ్ఱుపాలెమునుండి అమరావతి మీదుగా నంబూరు వఱకు 57 కిలోమీటర్లు, అంచనా వ్యయము 2,245 కోట్ల రూపాయలు, కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెన. నందిగామకు తూర్పుగా పెద్దాపురము, చెన్నారావుపాలెము, గొట్టుముక్కల, పరిటాలలలో స్టేషన్లు ప్రతిపాదింపబడినవి. నూటముప్పది యేండ్లకు పైగా ప్రక్కనుండి పోయిన రైలు ఇప్పుడు మెట్టలోనికి వచ్చుచున్నదన్నమాట. సంతోషింపవలసిన వార్తయే. అయినను ఆ వార్త విన్న యిండ్లలో కొన్నిట సంతోషమునకు ముందే సర్వే నంబరు వెదకబడినది. ఆ యిండ్లవారి కొఱకే యీ వ్యాసము.

మన దేశమున ఈ యధికారమునకు చరిత్ర పొడవైనది. 1824లో బంగాళమున తొలి నిబంధన పుట్టినది. 1850లో దానిని రైలుమార్గములకు చేర్చిరి. 1857లో బ్రిటిషు ఇండియా కంతటికి నొక చట్టము, 1870లో మఱియొకటి, తుదకు 1894లో నూటయిరువది యేండ్లపాటు నిలిచిన భూసేకరణ చట్టమును వచ్చినవి. ఇంగ్లండులో రైలు సంఘములు పల్లెలపై విరుచుకొనిపడిన కాలమున, 1845లో, వారు చేసికొన్న చట్టమున వెలను గూర్చిన పెద్ద తగవులను జూరీ తీర్చుటకు ఏర్పాటుండెను. మన 1894 చట్టమున మొదట భూస్వామి అభ్యంతరమును వినవలెనను మాటయే లేదు. ఆ మాట 1923లో గాని చేరలేదు. అనగా మన నేలను తీసికొను చేతులు పుట్టిన తొంబదితొమ్మిది యేండ్లకు గాని మన మాట వినుటకు చెవులు పుట్టలేదు!

చెవులున్నంత మాత్రమున చాలదని తేల్చినది కృష్ణాజిల్లా బస్సుల వ్యాజ్యము. ఆ కాలమున జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణాజిల్లాలోనివే. జిల్లా దారులపై తిరుగు బస్సులు ప్రైవేటు యజమానులవి. 1956లో మోటారు వాహనముల చట్టమునకు క్రొత్త యధ్యాయము చేర్చి, ప్రభుత్వ రవాణా సంస్థ యొక యోజనను ప్రకటించి ఆయా దారులను తానే నడుపుకొనవచ్చుననియు, అందులకై ప్రైవేటువారి పర్మిటులను రద్దు చేయవచ్చుననియు ఏర్పరచిరి. బస్సులను కొనవలెనను నిర్బంధము లేదు; పర్మిటునకు మిగిలిన కాలమునకు నెలకు 200 రూపాయల చొప్పున ఇచ్చిన చాలును. కృష్ణాజిల్లాలోని కొన్ని దారులకు ఇట్టి యోజన వెలువడినది. యజమానులు అభ్యంతరములు చెప్పిరి. వానిని రవాణా వ్యవహారములు చూచు కార్యదర్శి వినెను. నిర్ణయము ముఖ్యమంత్రి చేసెను. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ యేర్పడి ఆ యోజనను చేతబట్టెను.

గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలగు యజమానులు సుప్రీముకోర్టుకు పోయిరి. తమ వ్యాపారమును మూల్యము లేక లాగికొనుటయే యిది యని వారు మొఱపెట్టిరి. ఆ మాటను కోర్టు ఒప్పుకొనలేదు. 1955నాటి రాజ్యాంగ సవరణచొప్పున ఆస్తి ప్రభుత్వముపేరికి గాని ప్రభుత్వ సంస్థపేరికి గాని బదలాయింపబడనిదే అది ఆస్తిస్వీకారము కాదు. ఇచ్చట పర్మిటు పోయినది గాని బస్సు సంస్థపేర మాఱలేదు. చట్టమునకు వ్యాపారము కంటబడలేదు, ఇనుము మాత్రమే కంటబడినది. అన్నము పెట్టు దారి పోయి బండి మాత్రము మిగిలిన యజమాని దుఃఖమును ఈ భేదము తీర్పదు. అయినను అప్పటి రాజ్యాంగమట్టిది.

కాని 1958 నవంబరు 5వ తేదీనాటి ఆ తీర్పు వేఱొక తలుపు తెఱచినది. రాజమహేంద్రవరమువాడైన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు వ్రాసిన ప్రధానాభిప్రాయము యోజనకు లభించిన ఆమోదమును కొట్టివేసినది. కారణములు రెండు. యోజన కోరిన శాఖకు పెద్దయైనవాడే ఆ శాఖకును ప్రజలకును గల తగవును వినుట మొదటి దోషము. వినువాడొకడు, తేల్చువాడు మఱియొకడు కావుట రెండవ దోషము. ఎదుట నిలిచి చెప్పుకొనువాని ముఖము చూచి, అతని సందియములకు బదులు చెప్పి, సాక్ష్యమును తూచి చూచినవాడు తీర్పరి కానిచో ఆ విచారణ యుత్త తంతేగదా! పిదప ముఖ్యమంత్రి తానే కూర్చుండి అభ్యంతరములను వినెను. 1959లో మరల వ్యాజ్యము నడచినప్పుడు ఆ విచారణను కోర్టు తప్పుపట్టలేదు.

బస్సులు తుదకు ప్రభుత్వ సంస్థకే పోయినవి గదా, యజమానులు గెలిచిన దేమియని కొందఱడుగుదురు. వారు గెలిచినది బస్సులను కాదు. తమకు తరువాత రాబోవు కోట్లాది మందికి వినిపించుకొను హక్కును. నేటికిని మన దేశమున ప్రభుత్వపు టధికారి యెవడైనను వినకుండ తేల్చినచో న్యాయవాదులు ఈ కృష్ణాజిల్లా వ్యాజ్యమును పేర్కొందురు. సంస్థ ఓడిపోయి మఱల సరిగా నడచినందున దానికిని నష్టము లేదు, గౌరవమే కలిగినది. న్యాయముగా తీసికొన్న దారిమీద బండి నడుపుటకును, దౌర్జన్యముగా తీసికొన్న దారిమీద నడుపుటకును భేదము కలదు.

ఇక ఆ కొలతతో నేటి రైలు చట్టమును కొలిచి చూతము. 1989నాటి రైల్వేల చట్టమునకు 2008లో భూసేకరణను గూర్చిన యధ్యాయము చేర్చిరి. కేంద్రప్రభుత్వము 'ప్రత్యేక రైల్వే ప్రాజెక్టు' అని ప్రకటించిన మార్గములకు ఇది వర్తించును. ముందు గెజిటులో ప్రకటనము. దాని సారము రెండు స్థానిక పత్రికలలో, అందొకటి స్థానిక భాషలో, వెలువడవలెను. ఆ ప్రకటనమునాటినుండి 30 దినములలో అభ్యంతరమును వ్రాతమూలముగా తెలుపవచ్చును. అధికారి అభ్యంతరము చెప్పినవానిని స్వయముగా గాని న్యాయవాది ద్వారా గాని విని, అవసరమైన విచారణ జరిపి, అంగీకరించుటయో త్రోసివేయుటయో చేయవలెను. విన్నవాడే తేల్చుచున్నాడు గనుక ఇచ్చట 1958నాటి రెండవ దోషము లేదు. పిదప మఱియొక ప్రకటనముతో భూమి కేంద్రమునకు సంక్రమించును. మొదటి ప్రకటనమునాటినుండి ఏడాదిలోగా ఈ రెండవది వెలువడనిచో మొదటిది చెల్లదు. నష్టపరిహారపు సొమ్ము అధికారివద్ద జమయైన తరువాతనే, 60 దినముల గడువుతో, స్వాధీనము చేయుమని నోటీసు ఈయవచ్చును. వెల చాలదనువాడు కేంద్రము నియమించు మధ్యవర్తిని ఆశ్రయింపవచ్చును.

జాతీయ రహదారుల చట్టము (1956) దారియు ఇట్టిదే. కాని అచ్చట అభ్యంతరమునకు 21 దినములే గడువు, చెప్పుకొనదగినదియు భూమి వినియోగమును గూర్చి మాత్రమే. రెండు చట్టములయందును మాకు తోచు లోపము లివి. ముప్పది దినము లనునది పత్రిక తెప్పించు పట్టణపు టింటికి చాలవచ్చును. మిరపకోతలలో మునిగియున్న కౌలురైతునకు చాలదు. చట్టము స్పష్టముగా కోరునది పత్రికా ప్రకటనమే గాని ఇంటింటికి చేరు కాగితము కాదు. మఱియు వెలను గూర్చిన తగవును తీర్చు మధ్యవర్తిని, భూమిని తీసికొను ప్రభుత్వమే నియమించుట 1958నాటి మొదటి దోషమునకు దగ్గఱి చుట్టము. మధ్యవర్తి యెంత ధర్మాత్ముడైనను, ఓడిన రైతునకు అనుమానము మిగులును. న్యాయము జరిగిన చాలదు, జరిగినదని ఓడినవానికి తోచవలెను.

2013లో 1894 చట్టమును త్రోసివేసి క్రొత్త భూసేకరణ చట్టము చేసికొంటిమి. అది 2014 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. భూమి పోవుటకు ముందు ఊరివారిని కూర్చి సాంఘిక ప్రభావమును పరిశీలింపవలెనను మంచి నియమము అందున్నది. కాని రైల్వేలు, జాతీయ రహదారులు, మెట్రో రైళ్లు మున్నగువాని 13 చట్టములను ఆ చట్టము వెలుపల నిలిపినది. 2015లో వెల, పునరావాసములను గూర్చిన యనుబంధములు మాత్రము వీనికిని చేరినవి. ఊరివారిని వినుటను గూర్చిన నియమము చేరలేదు. సొమ్ము లోపలికి వచ్చినది, మాట వాకిటనే నిలిచినది. మార్గము త్వరగా పడవలెననుటకు కారణములున్నవి. ఆలస్యమువలన వ్యయము పెరుగుట నిజము. అయినను రెండు నెలలు ఊరివారిని విన్నందున చెడిపోవు రైలుమార్గ మెచ్చటను లేదు. చేను రెండుగా చీలి, బావి యొక ప్రక్కను ప్రత్తి యింకొక ప్రక్కను మిగులునని, ఫలానిచోట క్రిందిదారి కావలెనని చెప్పగలవాడు ఆ చేనివాడే.

వెల యెట్లు కట్టుదురో తెలిసికొందము. స్టాంపు విలువయొకటి, చుట్టుప్రక్కల గడచిన మూడేండ్లలో జరిగిన క్రయ దస్తావేజులలో అధిక వెల గల సగము దస్తావేజుల సగటు ఇంకొకటి, వీనిలో నెక్కువది ప్రాతిపదిక. దానిని గ్రామములయందు ఒకటి మొదలు రెండు వఱకు ప్రభుత్వము నిర్ణయించిన గుణకముతో హెచ్చించి, చెట్లు కట్టడముల వెల చేర్చి, అంతయు మఱియొక యంత ఇత్తురు. బలవంతముగా తీసికొన్నందుకు చెల్లించు ఈ యదనపు సొమ్మునకే సొలేషియ మని పేరు. ఎకరము ప్రాతిపదిక 20 లక్షలనుకొని గుణకము ఒకటియైనచో 40 లక్షలు, రెండైనచో 80 లక్షలు వచ్చునన్నమాట. పైరు నష్టము, చేను చీలినందున కలుగు నష్టము, నివాసము మార్చుకొను ఖర్చును కోరుకొనుటకు రైలు చట్టమున వేఱుగా వీలున్నది.

రహదారులవిషయమున ఈ సొలేషియమునకై రైతులు పడిన పాటు చిన్నది కాదు. 1997 సవరణతో జాతీయ రహదారులకు పోయిన భూమికి అది లేకుండ పోయినది. ఒకే ఊరిలో కాలువకు పోయిన చేనికి ఉన్నది, రహదారికి పోయిన చేనికి లేదు! 2019లో తర్సేంసింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ భేదమును చెల్లదనినది. 2025 ఫిబ్రవరిలో ఆ తీర్పు గడచిన సేకరణలకును వర్తించునని స్థిరపరచినది. హైదరాబాదు–విజయవాడ మార్గము 2012 నాటికి నాలుగు వరుసలైనది. ఆ విస్తరణ ఈ నడిమి కాలములోనిదే. ఆస్తిహక్కు 1979లోనే ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగినను, 2024 మే నెలలో కలకత్తా నగరపాలక సంస్థ వ్యాజ్యమున కోర్టు దాని యందలి యేడు అంశములను చెప్పినది: నోటీసు, వినుట, కారణములతో నిర్ణయము, ప్రజాప్రయోజనము, న్యాయమైన పరిహారము, జాగులేని నడక, పని ముగింపు. సొమ్ము ఏడింటిలో నొకటి మాత్రమే యనుట గమనింపదగినది.

ఇంతవఱకు ప్రభుత్వమును గూర్చి చెప్పితిమి. ఇప్పుడు మన గడపలోనికి చూచుకొనవలెను. ఏలయన ప్రభుత్వము అడుగు ప్రశ్నకు బదులు మన దస్తావేజులే చెప్పును.

మొదటిది, వెల దాచుట. చేను కొన్నప్పుడు స్టాంపు ఖర్చు తగ్గుటకై నిజమైన వెలలో సగమే వ్రాయించు నలవాటు మనలో తెలివికి గుర్తుగా చెలామణి యగుచున్నది. ఒకడు ఆదా చేసికొన్న ఆ కొద్ది రూపాయలు మూడేండ్లలో త్రోవ వచ్చినప్పుడు ఊరందఱి వెలను క్రిందికి లాగును. ప్రభుత్వము మనలను మోసగించినదని కేకవేయుదుము. మన చేతివ్రాతనే మనకు చూపినచో బదులేమి?

రెండవది, ఆడువారి పేరు దాచుట. మేమెఱిగిన యొక యింట తండ్రి వీలునామా వ్రాయకయే పోయెను. ఇద్దఱు కొడుకులు, భర్త పోయి పుట్టింట చేరిన యొక కూతురు. పాసుపుస్తకము కొడుకుల పేర మాఱినది. మిరపచేని కలుపు, కోత, కల్లము ఆ కూతురి రెక్కలమీదనే నడచినవి. దారి విస్తరణకు ఆ చేను పోయినప్పుడు కార్యాలయము రికార్డులోని యిద్దఱికిని పరిహారము చెల్లించి తన పని ముగించుకొన్నది. కొడుకులు చెఱియొక మేడ కట్టుకొనిరి. ఆమె మాతో అన్నమాట యొక్కటే: "గట్టుమీద రాళ్లు పాతిందాకా చేను పోతుందని నాకెవరూ చెప్పలేదయ్యా." 1956నాటి హిందూ వారసత్వపు చట్టము ననుసరించి సహితము తండ్రి భాగములో ఆమెకు కొడుకులతోపాటు వాటా కలదు. మన రాష్ట్రము 1985నుండి అవివాహితులైన కుమార్తెలకు, దేశము 2005నుండి కుమార్తెలందఱికిని పుట్టుకతోనే ఉమ్మడియాస్తి హక్కు నిచ్చినవి. 2020లో సుప్రీముకోర్టు దానిని నిస్సందేహముగా దృఢపరచినది. ఆమెకు చట్టము తక్కువ కాలేదు. నోటీసు చేరు పేరు తక్కువైనది.

ఇచ్చట విన్నవారెవరు, తేల్చినవారెవరు? అన్నలే విన్నారు, అన్నలే తేల్చినారు, లాభము పొందినవారును అన్నలే. 1958లో రవాణాశాఖ కార్యదర్శికి కోర్టు చూపిన తప్పు మన నట్టింట ప్రతిదినము జరుగుచున్నది. మనము దానిని కుటుంబ గౌరవ మందుము. కూతురిచేత పసుపు కుంకుమల పేర చీర పెట్టి హక్కు విడుదల దస్తావేజుపై వ్రేలిముద్ర వేయించుకొనువారు, పరిహారము తక్కువైనదని కలెక్టరు కచేరివద్ద న్యాయము కోరుట యెట్లు పొసగును?

మూడవది, కౌలుదారు పేరు దాచుట. మెట్టలో చేను దున్నువాడొకడు, పట్టా కలవాడొకడు కావుట సామాన్యము. రైలు చట్టము 'సంబంధము గల వ్యక్తి' యను మాటలో రాష్ట్రచట్టముచొప్పున కౌలుహక్కు గలవారిని చేర్చినది. 2013 చట్టపు 'బాధిత కుటుంబము'లో మూడేండ్లుగా అచ్చట పనిచేయుచు దానిపై బ్రతుకు కూలీలు, కౌలుదారులు, పాలికాపులు చేరుదురు. విధవలు, విడాకులు పొందినవారు, కుటుంబము విడిచిన స్త్రీలు వేఱు కుటుంబములుగా పరిగణింపబడుదురు. ఇంత ఉదారమైన నిర్వచనము చేసియు, ఋజువు కాగితము కౌలుదారు చేతలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల పత్రమునకు వీలు కల్పించినది. కాని దానికి భూస్వామి సంతకము కావలెను. చేను తనది కాకుండ పోవునేమోయను వెఱపుతో ఆ సంతకము చేయని పెద్దమనుష్యు లెందఱో! రేపు కట్ట వచ్చి నిలిచిన మిరపను తొక్కినప్పుడు, పైరు నష్టము పైరు వేయనివాని ఖాతాలో పడును.

కావున మా మనవి రెండు భాగములు. ప్రభుత్వమునకు: రైలు, రహదారి చట్టములలోనికి సొమ్ముతోపాటు వినుటను గూడ తీసికొనిరండు. గ్రామసభలో తెలుగున చదివి చెప్పుడు. రికార్డులో పేరున్న ప్రతి యింటికి, సాగుచేయు ప్రతి మనిషికి కాగితము చేర్పుడు. వెల తగవును తీర్చువానిని తీసికొనువాడు నియమించు పద్ధతి మానుడు. తీసికొను బలము గలవానికి వినుటవలన చిన్నతనము రాదు.

చదువరులకు: పత్రికలో ప్రకటనము చూచిన దినమున గెజిటు ప్రకటనపు తేదీ గుర్తించుడు, ముప్పది దినములు ఆ తేదీనుండి నడచును. అడంగలు, పాసుపుస్తకము తీసి పేర్లు చూడుడు; చనిపోయినవారి పేరున్నచో వారసులందఱి పేర్లు, అక్కచెల్లెండ్ర పేర్లుతో సహా, ఎక్కించుడు. అభ్యంతరమును వ్రాయునప్పుడు కోపమును గాక కొలతలను వ్రాయుడు: బావి యెచ్చట, కాలిబాట యెచ్చట, వానపారుదల యెటు. వాటాలలో తగవున్నచో అధికారి దానిని సివిలు కోర్టునకు పంపవచ్చును. ఆ తగవు ఏండ్లతరబడి నడచును. కావున ఇంటిలోనే అందఱను కూర్చుండబెట్టి ముందే తేల్చికొనుడు. ఆ కూర్పున కోడలు, కూతురు, కౌలుదారు మాటలాడవలెను. వారు మాటలాడుచుండగా పెద్దలు వినవలెను.

రైలు రావలెను. మెట్టవారి పిల్లలు చదువునకు, రోగులు వైద్యమునకు, ప్రత్తి బేరమునకు పోవుటకు త్రోవ కావలెను. ఆ త్రోవకై నేల నిచ్చినవాడు దయ తలచి దానము చేసినవాడు కాడు, బలికి తేబడినవాడును కాడు; అందఱితో సమానుడైన పౌరుడు, తన వంతుకు మించి యిచ్చినవాడు. అతనికి తగిన వెల యీయవలెను. ఆ వెలకు ముందు అతని మాట వినవలెను. అతని యింటిలో అతడును, తనకంటె బలము తక్కువైనవారి మాట వినవలెను. కచేరిలో నేర్పగోరు ధర్మమును ఇంట నేర్చుకొనని జాతికి ఏ చట్టమును పూర్తిగా అక్కఱకు రాదు.